యూఎస్‌బీ ఎర్రర్లతో లినక్స్ బోర్డు ఆగిపోతుంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కాటాల దగ్గర, కోల్డ్ స్టోరేజీల్లో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో చిన్న లినక్స్ బోర్డులు బిగించేవాళ్ల కోసం, వాటికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల కోసం ఈ పేజీ. బోర్డు ఏదైనా తగిలించేవి దాదాపు ఒకటే: కాటా ఇండికేటర్ (బరువు చూపే పెట్టె) నుంచి వచ్చే సీరియల్ కన్వర్టర్ (సీరియల్ వైరుని యూఎస్‌బీకి మార్చేది), 4జీ డాంగిల్, కెమెరా, ఒక్కోసారి ఎస్ఎస్‌డీ. కమాండ్లు, ఫైళ్ల పేర్లు పలికే తీరులో రాశాం. టైపు చేసేటప్పుడు కమాండ్లకు ఇంగ్లీషు చిన్న అక్షరాలే వాడాలి. కొన్ని సెట్టింగుల, పోర్టుల పేర్లలో పెద్ద అక్షరాలు కలిసి ఉంటాయి, వాటిని బోర్డులో కనిపించినట్టే కొట్టండి.

బోర్డు హ్యాంగ్ అయింది. తప్పు యూఎస్‌బీదేనని ఎలా తెలుస్తుంది?

ముందు రీబూట్ చేయకండి. చాలామంది చేసే మొదటి పని అదే, దాంతో ఆధారం మొత్తం పోతుంది. సీరియల్ కన్సోల్ పిన్నులు ఉంటే 115200 స్పీడులో తగిలించి చూడండి. నెట్‌వర్క్ పోయినా కన్సోల్‌లో లాగిన్ వస్తోందంటే కెర్నల్ (లినక్స్ గుండెకాయ) బతికే ఉందన్నమాట. అప్పుడు కెర్నల్ లాగ్ చూపే డీమెస్‌జీ పెద్ద టీ ఆప్షన్‌తో కొట్టి, చివరి రెండు వందల లైన్లు ఫైల్లోకి తీసుకోండి.

రీబూట్ అయిపోయి ఉంటే జర్నల్‌సీటీఎల్ -కే -బీ -1 అంటే క్రితం బూట్ కెర్నల్ లాగ్ వస్తుంది. కానీ జర్నల్ (సిస్టమ్ లాగ్) మెమరీలోనే ఉండేలా సెట్ చేసిన ఇమేజీల్లో ఇది ఖాళీగా వస్తుంది. జర్నల్‌డీ కాన్ఫిగ్‌లో స్టోరేజ్ విలువ పర్సిస్టెంట్ అని పెట్టండి, సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్ 50 ఎంబీకి కట్టేయండి. కెర్నలే కూలిపోతుంటే జర్నల్‌కి రాసే వ్యవధి దొరకదు. దానికి ర్యామ్‌ఊప్స్ కావాలి. ర్యామ్‌లో కొంత భాగాన్ని డివైస్ ట్రీలో (బోర్డు హార్డ్‌వేర్ వివరాలుండే ఫైల్లో) రిజర్వ్ చేస్తే, కూలిపోయే ముందు వచ్చిన చివరి లైన్లు వామ్ రీబూట్ (కరెంటు తీయని రీబూట్) తర్వాత /సిస్/ఎఫ్ఎస్/పీస్టోర్‌లో కనిపిస్తాయి. కరెంటు తీసి పెడితే మాత్రం అవీ పోతాయి.

లాగ్‌లో మైనస్ 71, మైనస్ 110 అని వస్తున్నాయి. వాటి అర్థం ఏంటి?

డ్రైవర్ మార్చే ముందు చూడాల్సింది ఆ నంబరే. సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

మైనస్ 71: ప్రోటోకాల్ ఎర్రర్. వైరు మీద వచ్చిన సిగ్నల్ అర్థం కాలేదు, లేదా అవతలి నుంచి జవాబే రాలేదు. 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్/64, ఎర్రర్ -71', ఆ వెంటనే 'అనేబుల్ టు ఎన్యూమరేట్' అని ఉంటే పరికరం తన పేరు కూడా చెప్పుకోలేకపోయింది. ఆ దశలో సీహెచ్341 లాంటి సీరియల్ కన్వర్టర్ డ్రైవర్ ఇంకా రంగంలోకే రాలేదు. కాబట్టి దాన్ని మళ్లీ కంపైల్ చేసి లాభం లేదు. కేబుల్, కనెక్టర్, కరెంటు, ఈ వరుసలో చూడండి.

మైనస్ 110: టైమ్‌అవుట్. పరికరం ఉంది కానీ పలకడం లేదు. కరెంటు తగ్గినప్పుడు, పరికరం లోపలి ఫర్మ్‌వేర్ ఇరుక్కున్నప్పుడు ఎక్కువగా వస్తుంది.

మైనస్ 32: ఎండ్‌పాయింట్ స్టాల్. పరికరం 'ఈ అడిగింది నా వల్ల కాదు' అంటోంది. ఇది నిజంగా సాఫ్ట్‌వేర్ వైపు చూడాల్సిన నంబరు. నకిలీ చిప్పులు కొన్ని కమాండ్లకు ఇలాగే జవాబిస్తాయి.

మైనస్ 84 సీఆర్‌సీ (డేటా చెడిందేమో చూసే లెక్క) తప్పు, మైనస్ 75 అడిగినదానికంటే ఎక్కువ డేటా రావడం. మైనస్ 28 వస్తే యూఎస్‌బీ లైను మీద బ్యాండ్‌విడ్త్ (డేటాకి చోటు) చాలలేదని. డిస్క్ నిండిందనుకుని ఫైళ్లు తుడిచేసేవాళ్లున్నారు, ఆ నంబరు ఫైల్‌సిస్టమ్‌లో వస్తేనే ఆ అర్థం. మైనస్ 19 అంటే పరికరం వెళ్లిపోయింది. అది ఫలితమే, కారణం దానికి పైనున్న లైన్లలో ఉంటుంది.

పది రూపాయల కనెక్టర్ వదులైతే సిస్టమ్ మొత్తం ఎందుకు పడిపోవాలి?

పడిపోకూడదు. పడిపోతోందంటే మధ్యలో ఇంకొకటి తోడైంది. మామూలుగా దొరికే దారులు ఇవి.

మొదటిది మీ ప్రోగ్రామే. సీరియల్ పరికరం ఊడిపోతే రీడ్ వెంటనే సున్నా బైట్లతో తిరిగొస్తుంది. 'డేటా రాలేదు, మళ్లీ చదువు' అని లూప్ రాసి, అందులో స్లీప్ పెట్టకపోతే ఒక కోర్ మొత్తం దానికే పోతుంది. ఆ లూప్ ప్రతిసారీ ఒక లాగ్ లైను రాస్తే ఎస్‌డీ కార్డు కూడా నిండిపోతుంది. రూట్ పార్టిషన్ నిండాక డేటాబేస్ పడుతుంది, చివరికి లాగిన్ కూడా అవ్వదు. తీరా తిట్లు డ్రైవర్‌కి. సున్నా బైట్లు వస్తే పోర్టు మూసి, రెండు సెకన్లు ఆగి, మళ్లీ తెరవాలి. వరుసగా విఫలమైతే ఆ విరామాన్ని 30 సెకన్ల దాకా పెంచుకుంటూ పోవాలి.

రెండోది డీ-స్టేట్. యూఎస్‌బీ డిస్కు మీద రాస్తున్న ప్రాసెస్ జవాబు కోసం కెర్నల్ లోపల ఆగిపోతే దాన్ని కిల్ -9 కూడా చంపలేదు. 120 సెకన్లు దాటితే 'బ్లాక్డ్ ఫర్ మోర్ దాన్ 120 సెకండ్స్' అని లాగ్‌లో పడుతుంది. అదే డిస్కు మీద లాగులు కూడా ఉంటే ఒక్కొక్క సర్వీసూ వచ్చి ఆ క్యూలో నిలబడిపోతుంది. చూసేవాళ్లకు బోర్డు చచ్చినట్టే ఉంటుంది.

మూడోది హోస్ట్ కంట్రోలరే, అంటే బోర్డులో యూఎస్‌బీ పోర్టులు నడిపే భాగమే, పడిపోవడం. 'హెచ్‌సీ డైడ్, క్లీనింగ్ అప్' అన్న లైను ఉంటే ఆ కంట్రోలర్ కిందున్న పరికరాలన్నీ ఒకేసారి పోతాయి. రాస్ప్‌బెర్రీ పై 3బీ లాంటి పాత బోర్డుల్లో ఈథర్నెట్ కూడా యూఎస్‌బీ మీదే నడుస్తుంది. కాబట్టి ఒక చెడ్డ డాంగిల్ నెట్‌వర్క్‌ని కూడా తనతో తీసుకుపోగలదు.

నాలుగోది ఇంటరప్టుల (పరికరం ప్రాసెసర్‌ని పిలిచే సంకేతాల) వరద. /ప్రోక్/ఇంటరప్ట్స్‌ని ఒక సెకను తేడాతో రెండుసార్లు చూసి తీసివేయండి. పాత రాస్ప్‌బెర్రీ పై బోర్డుల కంట్రోలర్‌కి సెకనుకు 8000 దాకా రావడం మామూలే, 125 మైక్రోసెకన్లకు ఒకటి చొప్పున. మిగతా చోట్ల ఏ పనీ లేనప్పుడు అంత వస్తే అనుమానించాలి. ఎవరూ పట్టించుకోని ఇంటరప్టులు లక్షకు చేరువైతే కెర్నల్ 'నోబడీ కేర్డ్' అని రాసి ఆ లైన్‌నే ఆపేస్తుంది.

మెమరీ లీకు అరుదు, కానీ ఉంటుంది. /ప్రోక్/మెమ్‌ఇన్ఫోలో ఎస్‌అన్‌రిక్లెయిమ్ విలువ ప్రతి రీకనెక్టుకూ పెరుగుతూ, తగ్గకుండా ఉంటే లీకు కెర్నల్ వైపే ఉంది.

కరెంటు చాలుతోందో లేదో ఎలా కొలవాలి?

అడాప్టర్ మీద 3 యాంపియర్లు అని రాసుంటే చాలదు. పరికరం చివర కొలవాలి. యూఎస్‌బీ 2 పోర్టు ఇవ్వాల్సింది 500 మిల్లీయాంపియర్లు, యూఎస్‌బీ 3 అయితే 900. పోర్టు దగ్గర వోల్టేజి 4.75 కంటే తగ్గకూడదు.

నష్టం ఎక్కువగా కేబుల్లో జరుగుతుంది. సన్న కేబుళ్లలో కరెంటు వైరు 28 గేజ్ (నంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం) ఉంటుంది, మీటరుకు సుమారు 0.213 ఓమ్. మూడు మీటర్ల కేబుల్ అంటే రానూపోనూ ఆరు మీటర్లు, 1.28 ఓమ్‌లు. 500 మిల్లీయాంపియర్లు లాగితే 0.64 వోల్టు అక్కడే పోతుంది. 5 వోల్టులు బయల్దేరితే 4.36 చేరుతుంది, డాంగిల్ రీసెట్ అవుతుంది. అదే 24 గేజ్ వైరుతో మీటరున్నర కేబుల్ వాడితే పోయేది 0.13 వోల్టు మాత్రమే. కేబుల్ తొడుగు మీద గేజ్ అచ్చేసి ఉంటుంది, కొనేటప్పుడు చదవండి. అసలు ఏమీ అచ్చేయని కేబుల్ వద్దు.

షాపులో దొరికే యూఎస్‌బీ మీటరు సగటు చూపిస్తుంది. 4జీ డాంగిల్ టవర్‌ని వెతికేటప్పుడు కొన్ని మిల్లీసెకన్ల పాటు లాగే కరెంటు అందులో కనపడదు. ఆసిలోస్కోప్ ఉంటే వోల్టేజి 4.6 కిందికి పడగానే పట్టుకునేలా ఫాలింగ్ ట్రిగ్గర్ పెట్టి వదిలేయండి. లేకపోతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ పెట్టి చూడండి, సమస్య మాయమైతే జవాబు దొరికినట్టే.

రాస్ప్‌బెర్రీ పై అయితే వీసీజెన్‌సీఎండీ గెట్_థ్రాటిల్డ్ కొట్టండి. 0ఎక్స్50000 వస్తే బూట్ అయ్యాక ఎప్పుడో వోల్టేజి పడింది, 0ఎక్స్50005 వస్తే ఇప్పుడూ పడి ఉంది. పై 4లో నాలుగు పోర్టులకూ కలిపి 1.2 యాంపియర్లే. పై 5కి 5 యాంపియర్ల అడాప్టర్ పెట్టకపోతే పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీయాంపియర్లకు కట్టేస్తుంది. పై 4 అడాప్టరే పై 5కి పెట్టి ఎస్ఎస్‌డీ తగిలిస్తే జరిగేది ఇదే.

కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ స్టార్ట్ అయినప్పుడల్లా పరికరాలు ఊడిపోయి మళ్లీ వస్తున్నాయి. ఏంటిది?

లాగ్‌లో 'డిసేబుల్డ్ బై హబ్ (ఈఎంఐ?), రీ-ఎనేబ్లింగ్' అని ఉందేమో చూడండి. ఈఎంఐ అంటే ఇక్కడ బయటి విద్యుత్ నాయిస్. ఆ ప్రశ్నార్థకం కెర్నల్ రాసినవాళ్లే పెట్టారు, వాళ్ల అనుమానం ఇక్కడ చాలాసార్లు నిజమే. పెద్ద మోటారు ఆన్ అయినప్పుడు, వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) నడుస్తున్నప్పుడు పుట్టే నాయిస్ డేటా వైర్లలోకి వస్తుంది.

యూఎస్‌బీ కేబుల్‌ని మోటారు కేబుళ్లున్న ట్రేలోంచి తీసేయండి. ఇది ఖర్చు లేని పని, ముందు ఇదే చేయండి. కనీసం 30 సెంటీమీటర్లు ఎడం ఉండాలి, దాటక తప్పకపోతే అడ్డంగా దాటించాలి. యూఎస్‌బీ పొడవు తగ్గించి సీరియల్ వైపు పొడవు పెంచండి. ఆర్ఎస్-232 15 మీటర్ల దాకా, ఆర్ఎస్-485 తక్కువ స్పీడులో 1200 మీటర్ల దాకా పోతుంది. యూఎస్‌బీకి 5 మీటర్లే హద్దు, నాయిస్ ఉన్నచోట ఒక మీటరు దాటకపోవడం మేలు. కన్వర్టర్ బోర్డు పెట్టెలోనే ఉండాలి, కాటా దగ్గర కాదు.

తర్వాత ఎర్తింగ్. ఇండికేటర్‌కి ఒక ఎర్త్, బోర్డు అడాప్టర్‌కి ఇంకో ఎర్త్ ఉంటే సీరియల్ గ్రౌండ్ వైరు రెండిటినీ కలుపుతుంది. తగిలించే ముందు ఇండికేటర్ బాడీకీ బోర్డు యూఎస్‌బీ తొడుగుకీ మధ్య ఏసీ వోల్టులు కొలవండి. ఒకటీ రెండు వోల్టులు దాటితే తగిలించకండి, ముందు ఎర్తింగ్ సరిచేయించండి. దాంతోపాటు ఐసొలేటర్ (రెండు వైపుల కరెంటు కలవకుండా డేటాని మాత్రం పంపేది) పెట్టడం మంచిది. ఏడీయూఎం3160 చిప్పు ఉన్న యూఎస్‌బీ ఐసొలేటర్లు సెకనుకు 12 మెగాబిట్ల దాకానే పనిచేస్తాయి. సీరియల్ కన్వర్టర్‌కి అది సరిపోతుంది, కెమెరాకి, 4జీ మోడెమ్‌కి సరిపోదు.

కరెంటు పోయి జనరేటరో ఇన్వర్టరో అందుకునే ఆ క్షణంలోనే రీసెట్ అవుతుంటే అది నాయిస్ కాదు, అడాప్టర్ ఆ కాస్త ఖాళీని మోయలేకపోతోంది. బోర్డుకి చిన్న డీసీ యూపీఎస్ పెట్టండి.

టీటీవైయూఎస్‌బీ0 ఉన్నట్టుండి టీటీవైయూఎస్‌బీ1 అయిపోతోంది. ఎందుకు?

ఇవి సీరియల్ కన్వర్టర్‌కి లినక్స్ ఇచ్చే పోర్టు పేర్లు. పరికరం క్షణం పాటు ఊడి మళ్లీ వచ్చింది. పాత పోర్టుని మీ ప్రోగ్రాం ఇంకా మూయలేదు, అందుకే సున్నా ఖాళీగా లేదు. అసలు జబ్బు పైన చెప్పిన కరెంటు, నాయిసే అయినా పేరు మాత్రం ఇప్పుడే స్థిరం చేసుకోవచ్చు.

/డెవ్/సీరియల్/బై-ఐడీలోని పేరు వాడితే సరిపోతుందని రాస్తుంటారు. కానీ సీహెచ్340జీ చిప్పుకి సీరియల్ నంబరు ఉండదు. ఒకేరకం కన్వర్టర్లు రెండు పెడితే రెండిటికీ ఒకటే పేరు వస్తుంది, ఎంట్రీ కాటా బరువు ఎగ్జిట్ కాటాలో పడుతుంది. మిర్చి లోడు దగ్గర అది చిన్న గొడవ కాదు. బై-పాత్ (పోర్టు చోటుని బట్టి వచ్చే పేరు) వాడండి, లేదా యూడెవ్ (పరికరాలకు పేర్లు పెట్టే సర్వీసు) రూల్‌లో కెర్నల్స్ విలువ 1-1.3 లాంటి పోర్టు దారికి సరిపోలిస్తే సిమ్‌లింక్‌గా కాటా-ఎంట్రీ అని పేరు వచ్చేలా రాయండి. పోర్టుల మీద స్టిక్కర్ కూడా అంటించండి, లేకపోతే తుడిచేవాళ్లు ఊడదీసి పక్కదాంట్లో పెడతారు.

పోర్టు తెరుచుకుంటోంది కానీ బరువు మధ్యలో తెగిపోయి వస్తోంది.

ఇంకో ప్రోగ్రాం అదే పోర్టు చదువుతోంది. పైథాన్‌లో పైసీరియల్ 'డివైస్ రిపోర్ట్స్ రెడీనెస్ టు రీడ్ బట్ రిటర్న్డ్ నో డేటా' అంటుంది. దానికి రెండు కారణాలు: పరికరం ఊడిపోవడం, లేదా ఇద్దరు ఒకే పోర్టు తెరవడం. ఎల్‌సాఫ్ తర్వాత పోర్టు పేరు ఇచ్చి ఎవరెవరు పట్టుకున్నారో చూడండి.

మామూలుగా దొరికే దొంగ మోడెమ్‌మేనేజర్. కొత్త సీరియల్ పోర్టు కనపడగానే మోడెమేమోనని ఏటీ కమాండ్లు పంపి చూస్తుంది. యూడెవ్ రూల్‌లో ఐడీ_ఎంఎం_డివైస్_ఇగ్నోర్ విలువ 1 పెట్టండి, ఈ రూల్ పేరు మొత్తం పెద్ద అక్షరాలు. ఉబుంటు 22.04లో అయితే అంధుల కోసం ఉన్న బ్రైల్ ప్రోగ్రాం బీఆర్ఎల్‌టీటీవై, 1ఏ86:7523 నంబరున్న సీహెచ్340ని తనదనుకుని లాగేసుకుంటుంది. పోర్టు ఒక్క క్షణం వచ్చి మాయమవుతుంది. ఆ ప్యాకేజీ అక్కర్లేకపోతే తీసేయండి.

4జీ డాంగిల్ రోజుకు రెండుసార్లు పోతోంది.

హువావే హైలింక్ డాంగిల్ మొదట 12డీ1:1ఎఫ్01 నంబరుతో సీడీ డ్రైవ్‌లా వస్తుంది, యూఎస్‌బీ_మోడ్‌స్విచ్ దాన్ని 12డీ1:14డీసీగా, అంటే నెట్‌వర్క్ కార్డుగా మారుస్తుంది. నెట్ పోయినప్పుడు ఎల్ఎస్‌యూఎస్‌బీ కొట్టి మొదటి నంబరే కనిపిస్తే డాంగిల్ కరెంటు చాలక రీబూట్ అయింది, మోడ్ మార్పు మళ్లీ జరగలేదు. రెండో నంబరుండి నెట్ లేకపోతే గొడవ సిగ్నల్‌దో సిమ్‌దో, యూఎస్‌బీని వదిలేయండి.

ఆటోసస్పెండ్ (పని లేని పరికరాన్ని నిద్రపుచ్చడం) మీద నింద ఎక్కువగా పడుతుంది. కెర్నల్ డిఫాల్ట్‌లో అది హబ్‌లకు తప్ప చాలా పరికరాలకు ఆఫ్‌లోనే ఉంటుంది. కానీ పవర్‌టాప్, టీఎల్‌పీ లాంటి కరెంటు ఆదా ప్రోగ్రాములు ఆన్ చేస్తాయి. /సిస్/బస్/యూఎస్‌బీ/డివైసెస్ కింద ఆ పరికరం ఫోల్డర్‌లో పవర్/కంట్రోల్ ఫైలు చూడండి. ఆటో అని ఉంటే ఆన్ అని రాయండి. మొత్తానికి ఆపాలంటే బూట్ లైన్‌లో యూఎస్‌బీకోర్.ఆటోసస్పెండ్=-1.

ఎస్ఎస్‌డీ తగిలిస్తే బూట్ అయిన కాసేపటికి ఆగిపోతోంది.

లాగ్‌లో యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కులను వేగంగా నడిపే పద్ధతి) అనే మాట, దాని వెనక రీసెట్లు ఉన్నాయా? ఎస్ఎస్‌డీని యూఎస్‌బీకి కలిపే కొన్ని సాటా బ్రిడ్జి చిప్పులు యూఏఎస్ పద్ధతిలో సరిగా పనిచేయవు. బూట్ లైన్‌లో యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్= అని రాసి, ఎల్ఎస్‌యూఎస్‌బీలో కనిపించే ఐడీ జంట, చివర కోలన్ పెట్టి యూ అక్షరం చేర్చండి. వేగం కొంత తగ్గుతుంది, పని ఆగదు. మారకపోతే కరెంటు లెక్కకే తిరిగి వెళ్లండి.

ఒకే హబ్‌కి ఆరేడు సీరియల్ కన్వర్టర్లు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, హబ్ చూసి కొంటే. ఈ కన్వర్టర్లలో చాలావరకు 12 మెగాబిట్ల పరికరాలే. హబ్ లోపల వాటి మాటని 480 మెగాబిట్లకు మార్చే భాగం (టీటీ) చౌక హబ్‌లలో అన్ని పోర్టులకూ కలిపి ఒకటే ఉంటుంది, మల్టీ టీటీ హబ్‌లలో పోర్టుకొకటి ఉంటుంది. ఎల్ఎస్‌యూఎస్‌బీ -వీ కొడితే హబ్ దగ్గర 'సింగిల్ టీటీ' అనో 'టీటీ పర్ పోర్ట్' అనో చెప్తుంది. రెండోదే తీసుకోండి.

తప్పు నిజంగా డ్రైవర్‌దేనని ఎప్పుడు అనాలి?

కేబుల్, అడాప్టర్, పోర్టు మార్చినా తప్పు పోకుండా, అదే పరికరం వేరే కెర్నల్ ఉన్న కంప్యూటర్‌లో గంటల తరబడి బాగా నడుస్తుంటే అనొచ్చు. లేదా లాగ్‌లో 'అనేబుల్ టు హ్యాండిల్ కెర్నల్ నల్ పాయింటర్' వచ్చి, కింద కాల్ ట్రేస్‌లో (కూలే ముందు నడిచిన ఫంక్షన్ల జాబితాలో) ఆ డ్రైవర్ మాడ్యూల్ పేరు చదరపు బ్రాకెట్లలో ఉంటే. అదే బ్లాకులో టెయింటెడ్ అన్న మాట పక్కన పెద్ద ఓ ఉంటే బయటి డ్రైవర్ లోడై ఉంది. వైఫై డాంగిళ్ల కోసం ఎక్కడినుంచో దింపుకుని కంపైల్ చేసిన డ్రైవర్లు ఈ జాబితాలో ముందుంటాయి. కెర్నల్ అప్‌డేట్ అయ్యాక వాటిని మళ్లీ కంపైల్ చేయాలి, లేకపోతే వెర్షన్ మ్యాజిక్ కలవలేదని లోడ్ కావు. కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న డాంగిల్ కొనడం వీటన్నిటికంటే చౌక.

'ఫర్మ్‌వేర్ లోడ్ ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2' మాత్రం డ్రైవర్ తప్పు కాదు, /లిబ్/ఫర్మ్‌వేర్‌లో ఆ ఫైలు లేదు, అంతే.

ఇంకా లోతుకు పోవాలంటే మాడ్‌ప్రోబ్ యూఎస్‌బీమాన్ చేసి, యూఎస్‌బీమాన్1 మీద టీసీపీడంప్‌తో పట్టి వైర్‌షార్క్‌లో తెరవండి. ఎవరు మాట్లాడటం ముందు ఆపేశారో అందులో కళ్లకు కడుతుంది.

సొంతంగా చేయించుకున్న బోర్డు. పోర్టులో ఏం పెట్టినా ఓవర్‌కరెంట్ అంటోంది.

చాలాసార్లు ఓవర్‌కరెంట్‌ని కనిపెట్టే పిన్ను దేనికీ కలపకుండా గాల్లో ఉంటుంది, లేదా పోలారిటీ తిరగబడి ఉంటుంది. ఐ.ఎంఎక్స్ చిప్పుల డివైస్ ట్రీలో 'ఓవర్-కరెంట్-యాక్టివ్-లో' అని పెట్టి చూడండి. ఆ పిన్ను అసలు కలపకపోతే డిసేబుల్-ఓవర్-కరెంట్. కలిపి ఉండీ నిజంగానే షార్ట్ ఉన్న బోర్డు మీద ఇది పెడితే ట్రాక్ కాలిపోతుంది, ముందు మీటరుతో చూడండి. డీఆర్_మోడ్ హోస్ట్ అని ఉందో లేదో, వీబస్ (పోర్టు 5 వోల్టుల లైను) సప్లై రెగ్యులేటర్ పేరు రాశారో లేదో కూడా అక్కడే చూసేయండి.

బోర్డు రీబూట్ చేయకుండా ఒక్క పరికరాన్నే మళ్లీ లేపడం ఎలా?

ఎల్ఎస్‌యూఎస్‌బీ -టీ కొట్టి పరికరం దారి కనుక్కోండి, 1-1.3 అనుకుందాం. /సిస్/బస్/యూఎస్‌బీ/డివైసెస్/1-1.3/ఆథరైజ్డ్ ఫైల్లో 0 రాసి, మూడు సెకన్లు ఆగి, 1 రాయండి. పరికరానికి కరెంటు పోదు గానీ కెర్నల్ దాన్ని మళ్లీ మొదటినుంచి గుర్తిస్తుంది. లోపలి ఫర్మ్‌వేర్ ఇరుక్కుని ఉంటే కరెంటే తీయాలి. దానికి యూహబ్‌సీటీఎల్ ఉంది, కానీ పోర్టు వారీగా కరెంటు తీయగల హబ్‌లు తక్కువ. యూహబ్‌సీటీఎల్ ఆఫ్ అయిందని చెప్పినా డాంగిల్ లైటు వెలుగుతూనే ఉంటే ఆ హబ్ తీయలేదని అర్థం. అలాంటి చోట డాంగిల్ 5 వోల్టుల లైన్‌లో ఒక రిలే పెట్టి, బోర్డు జీపీఐఓ పిన్నుతో 10 సెకన్లు ఆపి వదలండి.

ఇదంతా ఎందుకు, వాచ్‌డాగ్ పెట్టేస్తే పోదా?

వాచ్‌డాగ్ (సిస్టమ్ పలకకపోతే తనే రీబూట్ చేసే టైమర్) ఉండాలి. సర్వీసులు నడిపే సిస్టమ్‌డీలో రన్‌టైమ్‌వాచ్‌డాగ్‌సెక్ పెట్టండి, రాస్ప్‌బెర్రీ పైలో 15 సెకన్లకు మించకుండా. దానికి తోడు కెర్నల్.ప్యానిక్=10, కెర్నల్.ప్యానిక్_ఆన్_ఊప్స్=1. కానీ వాచ్‌డాగ్ చూసేది సిస్టమ్‌డీ బతికుందా అన్నదే. యూఎస్‌బీ ఇరుక్కుని, కాటా డేటా రాకుండా, సిస్టమ్‌డీ హాయిగా తిరుగుతుంటే అది కదలదు. మీ సర్వీసుకి కూడా వాచ్‌డాగ్‌సెక్ పెట్టి, నిజంగా ఇండికేటర్ నుంచి ఒక లైను అందినప్పుడే సంకేతం పంపేలా రాయండి. కాటా రాత్రి ఆపేసే చోట ఆ వేళల్ని మినహాయించాలి, లేకపోతే తెల్లవార్లూ ఆ సర్వీసు రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది.

ఎండాకాలంలో ఎక్కువవుతోంది. వేడికి సంబంధం ఉందా?

ఉంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డులో గోడకు బిగించిన మూసిన పెట్టె లోపల వేడి, బయటి 44, 45 డిగ్రీలకు ఇంకా పైన ఉంటుంది. రాస్ప్‌బెర్రీ పై 80 డిగ్రీల దగ్గర వేగం తగ్గించుకుంటుంది, అది ప్రమాదం కాదు. చౌక అడాప్టర్లు, పెట్టెలో ఇరికించిన 4జీ డాంగిళ్లే ముందు చేతులెత్తేస్తాయి. డాంగిల్‌ని అర మీటరు మంచి కేబుల్‌తో పెట్టె బయటికి తెస్తే వేడి, సిగ్నల్ రెండూ మెరుగవుతాయి. కోల్డ్ స్టోరేజీలో చేయకూడని పని దీనికి తిరగబడి ఉంటుంది: బోర్డుని చల్లగా ఉంటుందని గది లోపల పెట్టకండి. తలుపు తీసినప్పుడల్లా బయటి తేమ కనెక్టర్ల మీద నీళ్లై దిగుతుంది, పిన్నులు పచ్చబడతాయి, మళ్లీ మైనస్ 71 మొదలవుతుంది. సెన్సర్ వైరు లోపలికి, బోర్డు బయట.